పురిటికొచ్చిన వాలుగ

ఇరవై రెండేళ్లుగా రాజమండ్రిలో జంతుశాస్త్రం చెబుతున్నాను. మా ల్యాబ్ సీసాలోని వాలుగ ఎప్పటిదో, రంగు వెలిసి ఉడకబెట్టిన దొండకాయలా ఉంటుంది. దాన్ని చూపించి "ఇది అంతరించే ముప్పున్న చేప" అంటే పిల్లలు నవ్వుతారు. అందుకే మండపేట అవతల పొలాల నీళ్లు పారే మురుగుకాలవలో వలేసి బతికే నూకరాజుకి చెప్పి ఉంచాను, తొలకరి కొత్తనీటికి కడుపులో జన, అంటే గుడ్లు, ఉన్న వాలుగ పడితే నాకే ఇవ్వమని. వాళ్లమ్మాయి దుర్గ మా కాలేజీలోనే చదివింది. జులై మొదట్లో ఓ బుధవారం ఫోన్ వచ్చింది. "దొరికిందండి. రండి."

మర్నాడు ఉదయం ఆరున్నరకి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ముతో, చేపని చెడకుండా నిలవుంచే ఫార్మలిన్ క్యానుతో బస్సెక్కాను. కండక్టర్ క్యాను చూసి, "ఏంటండి మేడం, పాలా?" అన్నాడు.

"కాదండి, చేపకి మందు."

"అయ్యో, జబ్బు చేసిందాండి?"

ఆయన ముఖంలో నిజమైన జాలే కనిపించింది. నేను కిటికీవైపు తిరిగాను.

ఎనిమిదింటికి మండపేటలో దిగి, పెసరట్టు తిని షేర్ ఆటో ఎక్కాను. ధాన్యం లారీలు అడ్డమై అరగంట పోయింది. తొలకరి రోజుల్లో మీరెవరైనా అటు వెళితే గొడుగు లేకపోయినా పర్లేదు, పాత చెప్పులేసుకోండి; ఆ బురద కొత్తవాటిని వదలదు.

తొమ్మిదిన్నరకి చేరాను. నూకరాజు భార్య సత్యవతి కాఫీ ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. "ఆయన రేవులో ఉన్నాడండి. నిన్నట్నించి అన్నం సహించట్లేదు," అంది, నా వైపు చూడకుండా.

నూకరాజు నడుములోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. పక్కనే వాలుగ, తోక మొదట్లో పాత పంచె పీలికతో కట్టేసి ఉంది. నిలబెడితే నా నడుం దాటుతుంది. పొలుసు లేని వెండి ఒళ్లు, కన్ను దాటిపోయిన నోరు, మీసాలు. జనతో పొట్ట ఉబ్బి ఉంది. ఏడాదంతా లోతు మడుగుల్లో ఉండి వేటాడే ఈ చేప, తొలకరి నీళ్లు పొలాల్లోకి ఎక్కగానే గుడ్లు పెట్టడానికి పల్లపు నీళ్లలోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే మనం జన కోసం దారికి అడ్డంగా వల కడతాం.

"మా నాన్న కొత్తనీటికొచ్చిన మొదటి వాలుగని ఉంచుకునేవోడు కాదండి," అన్నాడు నూకరాజు. "పసుపు రాసి వదిలేసేవోడు. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లని చంపుకుంటామా అనేవోడు. నేనూ ఇన్నేళ్లూ అలాగే వదిలేశానండి. నాలుగేళ్ల తర్వాత వాలుగ మళ్లీ కనపడటం ఇదేనండి."

"మరి ఇప్పుడెందుకు ఉంచారు?"

"మీరు జన ఉన్నదే కావాలన్నారు కదండి. మా దుర్గకి చదువు చెప్పినోరు. మీకు లేదంటానికి నోరు రాలేదండి."

నాకు తల కొట్టేసినట్టయింది. "ముందే చెప్పొచ్చు కదా," అని ఆయన మీదే విసుక్కున్నాను, సిగ్గులేకుండా. తర్వాత అన్నాను, "విప్పేయండి నూకరాజు గారూ."

ఆయన గట్టువైపు చూశాడు. సత్యవతి అప్పటికే పసుపు పట్టుకుని దిగుతోంది. తల మీద రాసి ముడి విప్పారు. చేప కదల్లేదు, ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆయన దాని నోరు పారే నీటికి ఎదురుగా ఉండేలా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చేప ఊపిరి గురించి ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. అక్కడ మాత్రం చేతకాక ఏడుపొచ్చింది. ఉన్నట్టుండి తోక కొట్టింది, నా చీరంతా బురద. పొలాలవైపు తూములోకి వెళ్లిపోయింది.

"రండి మేడం గారూ, కూర్చుని అన్నం తిందురుగాని," అంది సత్యవతి. పప్పుచారు, వంకాయ వేపుడు. నూకరాజు రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

మూడింటికి తిరుగు బస్సు. చోటు లేక ఒకావిడ నా ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని రాజమండ్రి దాకా కునికింది. ఏటా నేను బోర్డు మీద రాస్తాను, వాలుగ తగ్గిపోవడానికి కారణాలు: ఆనకట్టలు, పురుగుమందులు, వలలు. అన్నీ నిజమే. కడుపుతో ఉన్నదాన్నే తెమ్మని అడిగింది మాత్రం నేను.