బక్కయ్య భుజం మీద చిన్నది

తెలంగాణ నుంచి వలసొచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డ బక్కయ్య ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు తలుపు తట్టి లాభం లేదు. పెళ్లికి ముందు నుంచి పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాలనే మరమగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ చప్పుడుకు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి వినపడేది భార్య స్వరాజ్యం గొంతు ఒక్కటే, అదీ ఆమె కోపంగా ఉన్నప్పుడు.

సేటు పాత సాంచాలను తుక్కుకు అమ్మేసి కొత్త మిషన్లు తెప్పించాడు. వాటి మీదికి వయసులో ఉన్నవాళ్లను తీసుకున్నాడు. బక్కయ్య ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక కూరల్లో ఉప్పు గురించి స్వరాజ్యానికి సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆ రోజుల్లోనే మనవరాలు పుట్టింది. కోడలు రుచితకు ఆపరేషన్ అయింది. కుట్ల దగ్గర చీము పట్టి, జ్వరం దిగక ఆమె ఆసుపత్రిలోనే ఉండిపోవాల్సి వచ్చింది. ఆమెకిచ్చే మందుల వల్ల కొన్నాళ్లు తల్లిపాలు వద్దని, డబ్బా పాలు పట్టమని చెప్పి డాక్టరు బిడ్డను ఇంటికి పంపించాడు. రుచిత తల్లి కూతురి దగ్గర ఉంది. కొడుకు ఉమాకాంత్ పగలంతా రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల దుకాణంలో, సాయంత్రమైతే ఆసుపత్రిలో ఉండేవాడు. ఇంట్లో మిగిలింది స్వరాజ్యం, బక్కయ్య, చిన్నది.

చిన్నది పాలు బాగానే తాగేది. తాగిన కాసేపటికి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ముఖం వంకాయ రంగుకు తెచ్చుకుని ఏడుపు ఎత్తుకునేది. స్వరాజ్యం ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పూసింది. ఇల్లంతా పప్పు తాలింపు వాసన వచ్చింది. ఏడుపు మాత్రం తగ్గలేదు.

చివరికి ఇద్దరూ బిడ్డను పిల్లల దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు చూసి, భయపడాల్సిందేమీ లేదు, గాలి మింగుతోందని చెప్పి, మిగతాది చెప్పే పని నర్సు భూదేవికి అప్పగించాడు. ఆమెదీ తెలంగాణే. స్వరాజ్యానికి ప్రాణం లేచొచ్చింది.

“పాలు ఎట్ల పడుతున్నరో చూపియ్యిండ్రి,” అంది భూదేవి. స్వరాజ్యం చూపించింది.

“గిదే తప్పు. బిడ్డ తల జర పైకుండాలె. సీసా నిప్పల్‌ల పాలు నిండుగుండాలె, లేకపోతే గాలే తాగుతది. పొడి కలిపినంక నురుగు దిగేదాక ఆగుండ్రి. సగం తాగినంక ఓపారి, అయిపోయినంక ఓపారి భుజం మీదేసుకొని వీపు మెల్లగ తట్టుండ్రి. తేన్పొస్తే గాలి పోయినట్టే.”

“ఇంగువ?”

“ఇంగువ పప్పుల వేసుకోండ్రి. బిడ్డకు గ్రైప్ వాటర్ గూడ వద్దు. జరమొచ్చినా, పచ్చగ కక్కినా, పాలు ముట్టకపోయినా, వెంటనే పట్టుకరాండ్రి.”

అర్థమైంది. అమలులోనే ఇబ్బంది వచ్చింది. చిన్నది గొంతెత్తగానే స్వరాజ్యం కంగారుపడేది. గబగబా రెండు సార్లు తట్టి, రాలేదని పడుకోబెట్టేది. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చేది. బక్కయ్యకు ఆ ఏడుపు వినపడదు. బిడ్డ నోరు తెరవడం కనిపిస్తుంది, అంతే. అందుకని తట్టే పని ఆయనకు వచ్చింది.

ఏడుపు వినపడనివాడికి తేన్పు కూడా వినపడదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మొదటిరోజు తేన్పు వచ్చి వెళ్లిపోయినా బక్కయ్య తడుతూనే ఉన్నాడు. తాగిన పాలలో సగం ఆయన బనియను మీదికి వచ్చాయి.

“వచ్చిందని చెప్పిన గద!” అని అరిచింది స్వరాజ్యం. కోపంగా ఉంది కాబట్టి అది వినపడింది.

అప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నారు. బక్కయ్య వంటగది గుమ్మానికెదురుగా కూర్చుని తట్టాలి. తేన్పు రాగానే స్వరాజ్యం గరిటె పైకెత్తాలి. బాగానే నడిచింది. కూరలు రెండుసార్లు మాడాయి. బక్కయ్య ఉప్పు ఊసెత్తకుండా తిన్నాడు.

ఒక మధ్యాహ్నం స్వరాజ్యం అన్నం డబ్బా తీసుకుని ఆసుపత్రికి వెళ్లింది. త్వరగా వస్తానని చెప్పింది, రాలేదు. బిడ్డ లేచింది. బక్కయ్య పాలు కలిపి, నురుగు దిగేదాకా ఆగి, సగం పట్టి భుజం మీద వేసుకున్నాడు. అలవాటుగా వంటగది వైపు చూశాడు. గరిటె గోడకు వేలాడుతోంది. అప్పుడు నిజంగా భయం వేసింది. ఎప్పుడు ఆపాలి?

తట్టడం మానేసి, అరచేయి విప్పి బిడ్డ వీపు మీద పెట్టి ఉంచాడు. వీపు బిగుసుకుని ఉంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత లోపల ఏదో చిన్నగా కదిలి పైకి జరిగినట్టయింది. చేతికింద ఒళ్లంతా ఒక్కసారిగా వదులైంది. అద్దం దగ్గరికి వెళ్లి, పక్కకు తిరిగి భుజం మీది బిడ్డ ముఖం చూశాడు. చిన్నది మూతి చివర పాలచుక్కతో, పెద్ద పని ముగించుకున్న మనిషిలా ఉంది. మిగతా పాలు పట్టాడు.

స్వరాజ్యం పరుగున వచ్చేసరికి, భుజం మీద చిన్నది నిద్రపోతుంటే ఆయన కుర్చీలో నిటారుగా, కదలకుండా ఉన్నాడు.

“వచ్చిందా?” అని సైగ చేసింది.

“రెండుపార్లు,” అన్నాడు బక్కయ్య. ఆయనకు తెలియకుండానే అది అరుపైంది. చిన్నది ఉలిక్కిపడి లేచింది.

జ్వరం తగ్గి రుచిత ఇంటికి వచ్చింది. మందులు ఇంకా ఉన్నాయి కాబట్టి సీసా తప్పలేదు. తనే పట్టింది, తనే భుజం మీద వేసుకుంది. తేన్పు రాలేదు. బిడ్డ మెలికలు తిరిగి ఏడ్చింది. రుచిత కూడా ఏడ్చింది.

“మామా, మీ దగ్గర మంచిగుంటదంట. నా దగ్గరే ఎందుకేడుస్తది? నన్ను గుర్తుపడ్తలేదా?”

బక్కయ్య ఆమె పెదాలు చూసి మాట పట్టుకున్నాడు.

“నా దగ్గర గూడ ఏడుస్తది బిడ్డా. నాకు ఇనపడదు, గంతే.”

రుచిత కళ్లు తుడుచుకోవడం మరచి ఆయన వైపు చూసింది. ఆయన లోపలికి వెళ్లి కాస్త దూది తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“చెవులల్ల పెట్టుకో. ఇక్కడ నేనున్న, చిన్నదాన్ని నేను జూస్తా. నువ్వు చెయ్యి కదలకుండ వీపు మీద వెట్టు. అది జెప్తది.”

రుచిత దూది పెట్టుకుంది. ఏడుపు దూరమయ్యాక ఆమె భుజాలు కిందికి దిగాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఉన్నట్టుండి రుచిత కళ్లు పెద్దవయ్యాయి.

“వచ్చింది మామా!”

నవ్వబోయి, కుట్లు లాగడంతో పొట్ట పట్టుకుంది.

కొన్నాళ్లకు మందులు ఆగాయి, డాక్టరు సరేనన్నాడు. పాలు తిరిగి రావడానికి రుచిత చాలా తంటాలు పడింది, కొన్ని వచ్చాయి. మిగతా లోటుకు సీసా. అందులో మధ్యాహ్నం సీసా బక్కయ్యకు వదిలేశారు. ఆదివారాలు ఉమాకాంత్ నేర్చుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదలుపెట్టాడు, ఇప్పుడు తువ్వాలు వేసుకుంటున్నాడు.

మొన్న చాయ్ బండి దగ్గర పాత కార్ఖానా మనిషి కనకయ్య కలిశాడు. “ఎక్కడన్న పని దొరికిందా?” అని చేతులతో అడిగాడు.

“ఉన్నది. మధ్యాహ్నం డ్యూటీ,” అన్నాడు బక్కయ్య. ఎండ వైపు చూసి, చాయ్ సగంలోనే వదిలేసి ఇంటిదారి పట్టాడు.