రెండు రోజుల పెద్దరికం

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా అక్క పోయింది. తెనాలిలో తన ఇంట్లో, నిద్రలోనే. బాపట్లలో నేను చర్చికి వెళ్ళడానికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ లేవట్లేదు" అంది ముందు. తరవాత, "డాక్టరుగారొచ్చి చూశారు పిన్నీ, అయిపోయిందన్నారు" అంది. సరేనమ్మా, వస్తున్నానన్నాను. కుచ్చిళ్ళు పూర్తిగా సర్దుకుని, పిన్ను పెట్టుకుని, అప్పుడు స్టేషనుకు బయల్దేరాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ రాలేదు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే పదకొండు నెలలు పెద్దది. కాగితాల ప్రకారం మాత్రం నేనే ఆమె కంటే రెండు రోజులు పెద్ద. నా బతుకంతా ఆ రెండు రోజుల మీదే నడిచింది కాబట్టి, అదెలా జరిగిందో మీకు చెప్పాలి.

రేపల్లె దగ్గర మా ఊళ్ళో మా ఇద్దర్నీ ఒకే రోజు బళ్ళో వేశారు. అక్క పుట్టిన తేదీ చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం కాగితంలో ఉంది, జూన్ మూడని. నా కాగితం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకింకా అయిదు నిండలేదు. అక్క లేకుండా ఇంట్లో ఉండనని ఏడుస్తుంటే నాన్న నన్నూ ఎత్తుకొచ్చాడు. "దీనిక్కూడా అయిదేళ్ళు వేసేయండి మాస్టారూ" అన్నాడట. కాగితం లేని పిల్లలందరికీ మాస్టారు రాసే తేదీ ఒకటుంది. అదే నాకూ రాశారు. జూన్ ఒకటి.

అక్కడి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ. తరవాత బాపట్లలో టీచరు ట్రైనింగు, ఒకే గది, ఇద్దరికీ ఒకే దువ్వెన. లెక్కలు నాకు ఎక్కేవి కావు. అక్కే కూర్చోబెట్టి చెప్పేది. ఉద్యోగాల పరీక్షకు కూడా ఆమె చెప్పిన లెక్కలే రాసి వచ్చాను. ఇద్దరికీ సమానంగా మార్కులొచ్చాయి. మా దాకా వచ్చేసరికి మిగిలింది ఒక్క పోస్టు. మార్కులు సమానమైతే వయసులో పెద్దవాళ్ళకివ్వాలని రూలు.

లిస్టు చూసి రావడానికి అక్కే వెళ్ళింది. నాకు జ్వరంగా ఉంది. సాయంత్రం బస్సు దిగి, వాళ్ళింటికి కూడా వెళ్ళకుండా నేరుగా మా ఇంటికొచ్చింది.

"నీకొచ్చింది చెల్లీ!"

"మరి నీకో?"

"నాకు రాలేదు. నువ్వు నాకంటే పెద్దదానివంట!" అని నవ్వింది.

మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న మాత్రం నవ్వకుండా, "కాగితంలో ఏముంటే అదే. ఇంక ఆ మాట ఎవరూ బయట ఎత్తొద్దు" అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. అక్క ఆ రాత్రి మా ఇంట్లో అన్నం తినకుండానే వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా వేమూరు దగ్గర ఒక బళ్ళో చేరాను.

మరుసటి ఏడాది పోస్టులు పడలేదు. ఆ పై ఏడాది పడ్డాయి గానీ, పరీక్ష రోజుకు అక్కకు నెలలు నిండాయి. ఆ తరవాత పడేసరికి వయసు దాటిపోయింది. నేను హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. ఆమె తెనాలిలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో ఆఖరిదాకా లెక్కలే చెప్పింది. గడియారం ముంజేతికి లోపలివైపు పెట్టుకునేది. అరిగిపోయిన సుద్దముక్కల్ని పారేయకుండా చేతిరుమాలులో మూటకట్టి బొడ్లో దోపుకునేది. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు ముందుగా తప్పిన పిల్లల ఇళ్ళకు వెళ్ళేది. అదేంటక్కా అంటే, "పాసైనోళ్ళింటికి అందరూ వెళ్తారు. ఈ పిల్ల ఇంట్లో ఇయ్యాల పొయ్యి కూడా వెలిగించి ఉండరే" అనేది.

నా రిటైర్మెంటు సభకు బాపట్ల వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను బాగానే మాట్లాడాను. కూలికెళ్ళే ఇంట్లో పుట్టి ఇంతదాన్నయ్యాననీ, కష్టపడితే ఫలితం తప్పక వస్తుందనీ పిల్లలకు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది.

సాయంత్రం ఆమెను రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాక అంది: "బాగా మాట్లాడావే. ఆ ఒక్క మాట మాత్రం ఇంకెప్పుడూ పిల్లలకి చెప్పొద్దు."

"ఏ మాట?"

"కష్టపడితే తప్పక వస్తుందని. రానోళ్ళు కష్టపడలేదనుకుంటారు చెల్లీ. వాళ్ళూ అదే అనుకుంటారు, పక్కనోళ్ళూ అదే అనుకుంటారు."

అన్నేళ్ళుగా అడగలేకపోయింది అప్పుడడిగాను. "ఆ రోజు నువ్వు ఆఫీసులో చెప్పుంటే ఏమయ్యేదక్కా?"

"ఏమయ్యేది? నీ కాగితం తప్పనేవాళ్ళు. నాకిచ్చేవాళ్ళో, ఇంకెవరికిచ్చేవాళ్ళో. మనలో ఒకళ్ళకైనా వచ్చింది గదా అనుకున్నా."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ? రెండేళ్ళు నీ మొహం చూడబుద్ధి కాలేదు. నీ పెళ్ళిక్కూడా జ్వరమని అబద్ధం చెప్పా." చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు దొంగతనం చేయలేదు. ఆ రెండు రోజులూ నీ చేతిలో పడ్డాయి, అంతే. పడ్డవి మనం సంపాదించామని చెప్పుకోకుండా ఉంటే చాలు."

క్షమించమని అడుగుదామనుకున్నాను. రైలొచ్చింది. ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికిందా లేదా అని చూడటంలో ఉండిపోయాను. ఆ తరవాత ఎన్నో సార్లు కలుసుకున్నాం గానీ, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం తెనాలిలో బావ పక్కనే ఆమెను సమాధి చేశాం. పాస్టరుగారు ప్రార్థన చేసి, "మేడమ్ గారూ, నాలుగు మాటలు చెప్తారాండి?" అని నన్నడిగారు. ముప్పయ్యేళ్ళకు పైగా మాట్లాడటమే నా పని. ముందుకొచ్చి, "మా అక్క నాకంటే పదకొండు నెలలు పెద్దదండి" అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని అందరూ కాసేపు చూశారు. పాట ఎత్తుకున్నారు.

ఇంటికొచ్చాక అందరికీ టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. శనివారం సాయంత్రం అక్క దోసెలకు రుబ్బి పెట్టిన పిండి గట్టు మీదే ఉంది. ఆ ఎండకు పొంగి, మూతను పక్కకు నెట్టి, గిన్నె అంచు మీదుగా గట్టంతా పారింది. గుడ్డ తడిపి తుడిచాను. ఆమె కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. పారబోద్దామని తనూ అనలేదు, నేనూ అనలేదు. తుడిచినచోటే మళ్ళీ ఒక చుక్క అంచు దాటి, నెమ్మదిగా కిందికి జారుతోంది.