లెన్సు మీద టోపీ

వెర్నా టాలివర్ పోయినప్పుడు లాస్ ఏంజలిస్ పత్రికలన్నీ ఆమెను మొండిమనిషి అని రాశాయి. రాసినవాళ్లలో ఒక్కరు కూడా ఆమె సెట్లో ఒక పూట నిలబడినవాళ్లు కారు. నేను ఆమె కెమెరా ట్రాలీని ఇరవై రెండేళ్లు తోశాను. పట్టాలు పరిచాను, వాటి కింద చెక్కలు దోపి మట్టం చూశాను, ఆమె ఆపమన్న చోట ఆపాను. ఒక్కసారి మాత్రం ఆపలేకపోయాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆమె టోపీ సంగతి చెప్పాలి.

వెర్నా తల్లిదండ్రులు దుమ్ము తుఫానుల్లో పొలం పోగొట్టుకుని ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు వచ్చినవాళ్లు. షాఫ్టర్ అనే ఊళ్లో తల్లి బంగాళాదుంపల షెడ్డులో దుంపలు ఏరేది. వెర్నా పన్నెండో ఏటి నుంచి ఆమె పక్కనే బెల్టు ముందు నిలబడింది. కదిలిపోతున్న వాటిలో పనికిరానిదాన్ని కంటితో పట్టి చేత్తో తీసెయ్యడం అక్కడే నేర్చుకున్నాననేది. పద్దెనిమిదో ఏట బస్సెక్కి వచ్చి ఒక స్టూడియో ఎడిటింగ్ గదిలో ఫిల్ము ముక్కలు అతికించే పనికి కుదిరింది. ఎవరూ దగ్గర కూర్చుని నేర్పలేదు. చెత్తబుట్టలో పారేసిన ముక్కలు ఏరి, తనే అతికించి, ఏది ఎందుకు కుదిరిందో ఏది ఎందుకు కుదరలేదో చూసుకుంది. పదేళ్లకు ఆ గదిలో ఆమెను మించిన చెయ్యి లేదు.

ఆ చేత్తోనే ఒక తప్పు చేసింది. హాల్‌స్టెడ్ అని ఒక పెద్ద దర్శకుడు తీసిన సినిమా చివర్లో, భర్తను పోగొట్టుకున్న మనిషి నవ్వదు, ఏడవదు, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. స్టూడియోవాళ్లకు నవ్వు కావాలి. హాల్‌స్టెడ్ తియ్యనన్నాడు. వెతకమని వెర్నాకు చెప్పారు. ఆమె వెతికింది. ‘యాక్షన్’ అనకముందు, నటి తన చోట నిలబడి ఎదురుచూస్తూ, పక్కనెవరో అన్న మాటకు నవ్విన ముక్క ఏడు సెకన్లు దొరికింది. దాన్ని తలుపు ముందు అతికించింది. సినిమా బాగా ఆడింది, వెర్నా జీతం పెరిగింది. హాల్‌స్టెడ్ ఒకరోజు ఎడిటింగ్ గదికి వచ్చి, ఆ చోటు రెండుసార్లు వేయించుకుని చూశాడు.

“బాగా చేశావమ్మా. ఇది నీకెక్కడ దొరికింది?” అన్నాడట. తర్వాత ఆయన సినిమా తియ్యలేదు.

ఈ మాట వెర్నా నాకు చెప్పింది ఒకేసారి, మధ్యాహ్నం భోజనాల దగ్గర, గిన్నెలో చిక్కుడుగింజలు మొక్కజొన్న రొట్టెతో తుడుచుకుంటూ. “తిట్టుంటే పోయేది ఒరిన్. పని మెచ్చుకున్నాడు,” అంది.

అందుకే తను దర్శకురాలయ్యాక కెమెరా తిరగడం మొదలైనప్పటి నుంచి ‘యాక్షన్’ అనే వరకు, మళ్లీ ‘కట్’ అన్నప్పటి నుంచి కెమెరా ఆగే వరకు, లెన్సుకు అడ్డంగా తన నల్ల ఉన్ని టోపీ పెట్టేది. అవసరానికి మించి ఒక్క షాటు తీసేది కాదు. ఆమె సినిమా ముక్కలు ఒకే వరసలో అతుకుతాయి. మార్చాలనుకున్నవాడికి ఇంకో ముక్క దొరకదు. ఆ టోపీ హాల్‌స్టెడ్ మరచిపోయినదని ఒక పత్రిక రాసింది. అబద్ధం. పాత బట్టల కొట్లో డాలరున్నరకు కొంది, లెన్సుకు సరిపడా ఉందని. “మా వెర్నా టోపీకి అన్ని సినిమాల్లోనూ వేషముంది, పారితోషికమే లేదు,” అని కెమెరావాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

డెబ్భై నాలుగులో తల్లి కథ తీసింది, తల్లి పనిచేసిన షెడ్డులోనే. చివరి షాటు ఇది. పని పోయిన మనిషి బెల్టు పక్కనుంచి షెడ్డు పొడుగునా నడుస్తుంది. తోటివాళ్లు తలెత్తరు. ఆమె ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి బయటికి వెళ్లిపోతుంది. అంతే. ఎనభై అడుగుల పట్టా వెయ్యాలి. నీళ్లు పోవడానికని ఆ నేలంతా ఒక పక్కకు వాలుగా పోసుంది. ఒకటిన్నర రోజు మోకాళ్ల మీద పాకి మట్టం కుదిర్చాను, చక్రాలు కీచుమనకుండా పట్టాలకు పౌడరు రాశాను. కాఫీ గ్లాసు ట్రాలీ మీద పెట్టి తోసి చూశాను. చుక్క ఒలకలేదు.

తీసే రోజు స్టూడియో నుంచి నిర్మాత గోవర్ దిగాడు. మర్నాడు షెడ్డుకు కొత్త దుంపలు వస్తాయి, మేము ఖాళీ చెయ్యాలి. ఏం తీయించుకున్నా ఆ రోజేనని అతనికీ తెలుసు. ఫోర్‌మన్ ఎవరినో కేకేసి పిలిచే షాటు ముందొక సన్నివేశంలో ఉంది. దాన్ని చివరికి తెచ్చి, దానిముందు పని పోయిన మనిషి ఏడ్చే ముఖం ఒకటి పెడితే, పని మళ్లీ ఇచ్చినట్టే ఉంటుందని అతని లెక్క.

“చూడమ్మా వెర్నా, ఒక్క క్లోజప్పు. రెండు కన్నీటి చుక్కలు. జనం సంతోషంగా ఇంటికెళ్తారు.”

“మా అమ్మని ఎవరూ వెనక్కి పిలవలేదు.”

“మీ అమ్మేం టిక్కెట్లు కొనదుగా.”

“కొనేది. మధ్యాహ్నం ఆటకి, సగం ధరకి.”

లైట్లవాళ్లు నవ్వారు. గోవర్ నవ్వలేదు. “నువ్వు తియ్యకపోతే నేనే వెతికిస్తాను. ఎడిటింగ్ గదిలో ఏది కావాలంటే అది దొరుకుతుందని నిరూపించింది నువ్వే కదా,” అన్నాడు.

వెర్నా అతని మెరిసే బూట్ల వంక చూసింది. “అయితే వెతుక్కోండి,” అంది.

ఆ పాత్ర వేసిన మార్లిస్ నడక మొదలుపెట్టింది. నేను తోశాను. వెర్నా టోపీ పట్టుకుని లెన్సు పక్కనే నడిచింది. ట్రాలీ తోసేవాడు నటుల్ని చూడకూడదు, నేల మీది గుర్తును చూడాలి. పదహారేళ్లుగా నేను తప్పని నియమం అది. మార్లిస్ ఏప్రన్ తగిలించింది, గుమ్మం దాటింది, వెర్నా ‘కట్’ అంది. అప్పుడు మార్లిస్ వెనక్కి తిరిగి గుమ్మం పట్టుకుని ఏడ్చింది. అది నటన కాదు. ఆ చప్పుడుకు నేను తలెత్తాను. ట్రాలీ గుర్తు దాటింది. వెర్నా టోపీ చాచేసరికి లెన్సు అక్కడ లేదు. ఒక అడుగు వేసి అందుకుంది.

కెమెరా తిరుగుతోందా అని గోవర్ పరుగెత్తుకొచ్చాడు.

“తిరిగింది. నా టోపీని తీసింది,” అంది వెర్నా.

అతను మార్లిస్ దగ్గరికి వెళ్లి మళ్లీ ఒక్కసారి ఏడవమని బతిమాలాడు. “ఏడ్చేశాను సార్. ఇక లేవు,” అంది మార్లిస్, ముక్కు తుడుచుకుంటూ.

అంత మంచి ఏడుపును టోపీ పాలు చేశావని కెమెరామన్ గొణిగాడు. అది మార్లిస్ ఏడుపు, ఈ కథలో మనిషిది కాదు, ఆ మనిషి ఏడవలేదు అని మాత్రం చెప్పింది వెర్నా.

పట్టాలు లారీకి ఎత్తాక నా తప్పు ఒప్పుకున్నాను. తనకు తెలుసంది. టోపీ అందేలోపు ఆ ఏడుపు ఎన్ని ఫ్రేములు పడి ఉంటుందని అడిగాను.

“ఇరవై లోపు. సెకను కూడా ఉండదు.”

“గోవర్‌కి అది సరిపోతుందా?”

“నాకైతే సరిపోతుంది. ఒక్కో ఫ్రేమును మూడేసి సార్లు అచ్చు వేస్తే రెండు సెకన్లు దాటుతుంది.”

చివరి కూర్పు స్టూడియో హక్కని ఒప్పందంలో ఉంది. వెర్నాను ఎడిటింగ్ గదిలోకి రానివ్వలేదు. ఆ ఫిల్ము డొలోరెస్ ఇబార్రా అనే అమ్మాయి చేతికి వెళ్లింది. ఆమె వెర్నాను చూసి కూడా ఎరగదు. ఏడుపు దొరికితే పెద్ద ఎడిటర్ని చేస్తానని గోవర్ ఆశ పెట్టాడు. మూడు రోజుల తర్వాత ఆమె వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుని, ‘కట్’ తర్వాత ఏముందో వెయ్యమన్నాడు. నలుపు వచ్చింది. మళ్లీ వేయించాడు. మళ్లీ నలుపే.

“టోపీయే సార్,” అంది డొలోరెస్.

ఏడుపు పడిన పందొమ్మిది ఫ్రేములు అప్పటికే కత్తిరించి ఆమె పిప్పరమెంటు డబ్బాలో వేసుకుంది. ఆమె కత్తిరించింది అచ్చు కాపీని, అసలు నెగటివ్‌లో అవి అలాగే ఉన్నాయి. తీయించి చూడమనడానికి పని తెలిసి ఉండాలి. గోవర్‌కు తెలిసినవి మాటలే.

కక్షకొద్దీ సినిమాను రెండు హాళ్లలో వారం వేసి తీసేశారు. నాలుగేళ్లు వెర్నాకు ఎవరూ సినిమా ఇవ్వలేదు. ఆమె సబ్బుల ప్రకటనలు కూర్చింది, నేను వంటింటి అరలు చేశాను. స్టూడియోకు ఒక్క ఉత్తరం రాస్తే సర్దుకుంటుందని చెప్పినవాళ్లున్నారు. ఆమె రాయలేదు. తర్వాత ఎవరో ఆ సినిమాను ఐరోపాలో ఒక ఉత్సవానికి పట్టుకెళ్లారు. చివరి షాటు అయ్యాక హాల్లో చాలాసేపు ఎవరూ లేవలేదట. బహుమతి వచ్చింది. ఆనాడు తలుపు వేసినవాళ్లే ఫోన్లు చేశారు.

కొత్త సినిమా మొదటి రోజున పని అడగడానికి డొలోరెస్ వచ్చింది. పిప్పరమెంటు డబ్బా మూత తీసి ముందు పెట్టింది. వెర్నా ఆ ముక్కను దీపానికి ఎత్తి, వేలితో ఒక్కొక్క ఫ్రేమూ లెక్కబెట్టింది. ఎందుకు దాచావని అడిగింది. ఆ నడక చూశాక పాడు చెయ్యడానికి చెయ్యి రాలేదంది డొలోరెస్. వెర్నా ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. ఆ రోజు నుంచి చివరి సినిమా దాకా డొలోరెసే కూర్చింది.

ముక్కను కవర్లో పెట్టి, ‘ఇది నీది’ అని రాసి, మార్లిస్‌కు పోస్టు చేయించింది వెర్నా. తర్వాత నా వైపు తిరిగింది.

“నాలుగంగుళాలు ఎక్కువ తోశావు ఒరిన్.”

“మూడు,” అన్నాను.

“పందొమ్మిది ఫ్రేములు లెక్కపెట్టాను. నాలుగు.”

ఆమె పోయింది కాబట్టి గెలిచిందనుకోకండి. మూడే.