గ్రహణం పూట హైవే మీద

అప్పుడు నాకు ఏడో నెల. దీపావళి మర్నాడే సూర్యగ్రహణం వచ్చింది. ఆ రోజు సెలవు పెట్టమని అత్తమ్మ ముందునుంచీ పోరుతూనే ఉంది. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాక్ చేసే పని నాది. పండగ సెలవు మీద ఇంకో సెలవు అడిగితే సూపర్‌వైజర్ మొహం ఎలా మాడ్చుకుంటాడో తెలుసు కనుక, గ్రహణం పట్టకముందే ఇంట్లో ఉంటానని మాటిచ్చి బయల్దేరాను.

గ్రహణాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. ఆ రెండూ ఒకటి కాదని పెళ్లయ్యాకే తెలిసింది. నా మొదటి కడుపు నిలవలేదు. ఆ నెలలో చంద్రగ్రహణం పూట నేను వంకాయలు కోశానని అత్తమ్మ ఒక్కసారి అంది, మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్కసారే చాలు. అప్పటినుంచీ ఆమె మీద కోపం, నా మీద నాకు అనుమానం. ఈసారి ఆమె ‘తిన్నవా’ అని అడిగినా నన్ను కాదు, నా కడుపునే అడుగుతున్నట్టుండేది.

ఆ రోజు అందరూ ముందుగా వెళ్తామని పర్మిషన్ అడగడంతో మా కంపెనీ వ్యాన్ పెందలాడే కదిలింది. డ్రైవరన్న నాకోసం పెద్ద ఏర్పాటే చేశాడు. కిటికీలకు పాత చీరలు కట్టాడు. ముందు అద్దానికి పైనుంచి సగందాకా ఎక్స్‌రే ఫిల్ములు అతికించాడు.

“గ్రహణం నీ మీద వడది చెల్లె, నిమ్మలంగ కూసో” అన్నాడు.

ఎవరివో పక్కటెముకలు ఆ ఫిల్ముల్లో తెల్లగా కనిపిస్తున్నాయి. వెనక సీట్లలో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను.

పటాన్‌చెరు దాటేసరికి ఆ నవ్వు పోయింది. రోడ్డు నిండా మాలాంటివాళ్లే. ఆటోలు, బైకులు, కంపెనీ బస్సులు, అందరికీ గ్రహణం పట్టకముందే ఇల్లు చేరాలన్న తొందర. సంగారెడ్డి వైపు పడమటికి పోయే హైవే అది. సూర్యుడు సరిగ్గా మా ఎదురుగా దిగుతున్నాడు. డ్రైవరన్న ఫిల్ముల కిందినుంచి చూడటానికి స్టీరింగ్ మీదికి వంగి, మెడ సాచి నడుపుతున్నాడు. వ్యాన్‌లో అప్పుడే చీకటి. ఆ చీకటి గ్రహణం తెచ్చింది కాదు, మేం అతికించుకున్నది.

పాశమైలారం పోయే దారి దగ్గర వెనకనుంచి ఎవరో “వట్టింది, వట్టింది” అన్నారు. డ్రైవరన్న స్పీడు పెంచాడు. అంతలో రోడ్డు మధ్యలో బైకు ఆపుకుని, వెల్డింగ్ అద్దం కళ్లకడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తున్న మనిషి! బ్రేకు పడింది. ముందు సీటు కమ్మీ నా పొట్టకు తగలకుండా పక్కనున్నామె చెయ్యి అడ్డం పెట్టింది. అతనికీ మాకూ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు కూడా మిగల్లేదు.

“అన్నా, పక్కకు వెట్టు” అన్నాను.

“జెరసేపైతె ఇల్లొస్తది చెల్లె. గ్రహణంల బయట ఉంచితె మీ అత్త నన్ను సంపుతది.”

“నన్ను లారీ కింద వెడితె ఇడిసిపెడ్తదా? ముందుగాల ఆ ఫిల్ములు పీకెయ్.”

డ్రైవరన్న వ్యాన్‌ను పెట్రోల్ బంకులోకి తిప్పి, ఫిల్ములు పీకేశాడు. నేను అత్తమ్మకు ఫోన్ చేశాను. “అత్తమ్మా, రోడ్డు మంచిగ లేదు. గుద్దుకునేటోళ్లమే, ఆగిపోయినం. పొద్దు గుంకినంక నిమ్మలంగ వస్తం.” అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఈసారి ఏమైనా అయితే వంకాయల పక్కన ఈ పెట్రోల్ బంకు కూడా చేరుతుందనుకున్నాను.

వ్యాన్‌లోనే తల వంచుకుని కూర్చున్నాను, ఆకాశం వైపు చూడలేదు. ఎంత నమ్మకం లేకపోయినా చూడలేదు. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందేమోనని పొట్ట మీద చున్నీ కప్పుకున్నాను కూడా. ఇప్పుడు మా అమ్మాయి నోరు మూయించడం మా ఇంట్లో ఎవరి తరమూ కావడం లేదు. కానీ ఆ పూట నాకా సంగతి తెలియదు కదా. ఇంటికి పరుగెత్తాలన్న భయం, పరుగెత్తకూడదన్న భయం, రెండూ ఆ బిడ్డ కోసమే.

పొద్దు గుంకాక, లైట్లు వేసుకుని మెల్లగా వెళ్లాం. కంది దాటాక మా ఊరి మలుపులో, రోడ్డు పక్కన, కొంగు తలమీదికి లాక్కుని అత్తమ్మ నిలబడి ఉంది.

“గ్రహణంల నువ్వెందుకొచ్చినవ్ అత్తమ్మా?” అన్నాను దిగుతూనే.

“ఫోన్ వెట్టేసి ఉరికొచ్చిన. ఇంట్ల ఎట్ల కూసుంట బిడ్డా?”

హెడ్‌లైట్ల వెలుతురులో నన్ను నిలబెట్టి నుదురు చూసింది. మోచేతులు తడిమింది, వంగి మోకాళ్లు తడిమింది. “యాడన్న దెబ్బ తాకిందా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. కడుపు సంగతి మాత్రం ఇల్లు చేరేదాకా అడగలేదు.