పాలిష్ మెషిన్ ఆగితే లేచే పాప

ఈ రోజు తాండూరులో, మా అంగన్‌వాడీకి వచ్చే ఒక బాలింతను చూడటానికి వెళ్లాను. వాళ్ల గోడ అవతలే బండలకు పాలిష్ పట్టే యూనిట్. ఆ మోతలోనే మూడు నెలల పాప నిద్రపోతోంది.

"గింత చప్పుడుల పిల్లను పండబెడ్తవా? యాలాల్‌ల తల్లిగారింటికాడ ఇంకో నెల ఉండకపోయినవా బిడ్డా?" అని గదమాయించాను.

అంతలో కరెంటు పోయి మెషిన్ ఆగింది. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. తల్లి నింపాదిగా ఫోన్ తీసి, రికార్డు చేసుకున్న మెషిన్ మోత పెట్టింది. పాప మళ్లీ కళ్లు మూసింది.

"కడుపుల ఉన్నప్పటి సంది గిదే విన్నది టీచరమ్మా. యాలాల్‌ల నిద్రపోతలేదని మా అమ్మ రోజూ దిష్టి తీసింది."

కడుపులో బిడ్డ అన్నీ వింటుందని నెలనెలా గర్భిణులకు చెప్పేది నేనే! మీ పిల్లలు ఏ చప్పుడుకు పడుకునేవారు? వాళ్ల నాన్న గురకైనా సరే, చెప్పండి.