వాడపల్లి ఏడు శనివారాలు: నాకు ఆరే

కువైట్ వీసాకు మెడికల్ పాసైతే వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు చేస్తానని మొక్కుకున్నాను. అక్కడొక ఇంట్లో ఆరు నెలల పాపను చూసుకునే పని. ‘ఫిట్’ అని ముద్ర వేసిన కాగితం చేతికొచ్చిన వారమే మొక్కు మొదలుపెట్టాను. ఏడోది అయ్యాక సోమవారం విమానం. ఇది ఆరో శనివారం సంగతి.

అమలాపురంలో ఉదయం ఐదింటికి బస్సెక్కితే కొత్తపేట మీదుగా రావులపాలేనికి గంటన్నర. ఆధార్ చూపితే ఆడవాళ్ళకు టికెట్ లేదు. అక్కడి నుంచి షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు. నేను ప్రతివారం ఎక్కే ఆటో సూరిబాబుగారిది; నా కువైట్ కథంతా ఆయనకు తెలుసు. గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేయాలి. మొదటి వారం జనాన్ని తప్పించుకుంటూ చకచకా తిరిగేశాను. ఈసారి మూడో చుట్టుకే గోడ పట్టుకున్నాను. జాకెట్టు రెండుసార్లు బిగించి కుట్టినా వదులే. సాయంత్రమైతే ఒళ్ళు కాగుతోంది. శనివారం ఉపవాసాల వల్లేనని అందరికీ చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. ముద్ర పడ్డాక ఇంకేం జబ్బు అని నా మొండితనం.

తిరుగు ప్రయాణంలో సూరిబాబుగారు అద్దంలోంచి చూసి, “బాగా చిక్కిపోయేరండి,” అన్నారు.

“ఉపవాసాలండి,” అన్నాను దగ్గుతూ.

“ఆయ్.” మళ్ళీ అద్దంలోకి చూశారు. “దగ్గు కూడా ఉపవాసానిదేనాండీ? మీరెత్తుకోబోయేది పసిపిల్లని కదండీ.”

ఈయనకెందుకని ఒళ్ళు మండింది. బస్సెక్కాక మాత్రం భయం వేసింది. పదకొండింటికి కొత్తపేటలో దిగిపోయి, ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్షకు ఇచ్చాను. టీబీ అని తేలింది. వీసా కుదిర్చిన ఏజెంటుకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

“కాగితం చేతిలో ఉందిగా అమ్మా. ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కేయండి,” అన్నాడు.

ఎక్కనని చెప్పి, ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

ఆ కాగితం అబద్ధమాడలేదు. ఆ రోజు నా ఒళ్ళు ఎలా ఉందో అంతవరకే చెప్పింది; తర్వాతి రోజులకు కూడా అదే హామీ అనుకున్నది నేను. ఆరు నెలల మందుల్లో ఇప్పుడు రెండో నెల. జాకెట్టు కుట్లు ఒక వరస విప్పాను. ఏడో శనివారం ఇంకా మిగిలే ఉంది, దేవుడికి తొందరేమీ లేదు. మీరూ మెడికల్ పాసై ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఒక్క మాట: దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, ఉదయం పూట వెళ్ళాలి. కువైట్ పాప పేరు కూడా నాకు తెలియదు. నేను ఎత్తుకోనందుకు అది చల్లగా ఉంటుంది.