ఇసుక కుప్ప మీది పటేలమ్మ

నిన్న నల్లగొండలో సినిమాకు వెళ్లాను. ముందు సీటాయన ఫోన్‌లో ఎవరిదో పెళ్లి సంబంధం మాట్లాడుతూనే ఉన్నాడు. మెల్లగా మాట్లాడమంటే వెనక్కి తిరిగి "నేనెవరో తెలుసా?" అన్నాడు. అంతే, నా ముక్కుకు తడి ఇసుక వాసన తగిలింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రామన్నపేట డేరా టాకీసు. నీళ్లు చల్లిన ఇసుక, ఆడవాళ్ల వైపు కట్టిన తడక, దాన్ని దాటొచ్చే బీడీ పొగ, మా అవ్వ కొంగులో ఉడికిన బొబ్బెర గుడాలు. ఎత్తు కోసం ఇసుకను కుప్పజేసుకుని కూర్చునేవాళ్లం, గుర్తుందా?

ఒకసారి మా ముందు ఊరి పటేలు అక్క కూర్చుంది. పనిమనిషితో మోకాలెత్తు కుప్ప పోయించుకుంది. పైగా ఆ సినిమా ముందే చూసొచ్చిందట.

"సూడుండ్రి, గిప్పుడు గా పిల్ల తల్లి సస్తది!" అని ఒకటే కేకలు. ఆమె ముందు నోరెత్తే ధైర్యం ఎవరికుంది?

రీలు మార్చేటప్పుడు ఆమె సోడా తాగడానికి లేచింది. అవ్వ ముందుకు వంగి రెండు చేతులతో కుప్పను చదును చేసేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లూ తలో చెయ్యి వేశారు.

దీపాలు ఆరిపోతుండగా ఆమె తిరిగొచ్చింది. "ఎవరే తీసింది? నేనెవరో ఎరుకనా?"

"ఎరుకే పటేలమ్మా," అంది అవ్వ గుడాలు నములుతూ. "బయట నువ్వు పెద్దదానివే. గీ చీకట్ల అందరం ఒక్కటే. సప్పుడు జెయ్యకుండ కూసో."

కూర్చుంది. కింద, మాతో సమంగా.

అందుకే నిన్న నేను జవాబు కోసం వెతుక్కోలేదు.

"చీకట్ల నువ్వెవరైతేంది బిడ్డా? ఫోన్ బంద్ జేసి కూసో."